మూడు ఓఎస్‌లు, రెండు డిస్కులు: డ్రైవ్ లెటర్లు చక్కదిద్దిన ప్రాజెక్టు డైరీ

దశ 1: ఉన్నదాన్ని కొలవడం

మెషిన్‌లో రెండు డిస్కులున్నాయి. మొదటిది 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. అది జీపీటీ పద్ధతిలో (డిస్క్‌లోని భాగాల పట్టిక రాసే కొత్త తీరు) ఉంది, విండోస్ 10 దాని మీదే నడుస్తోంది. రెండోది 1 టీబీ హార్డ్‌డిస్క్. అది పాత ఎంబీఆర్ పద్ధతి, మొత్తం ఒకే పార్టిషన్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం), బ్యాకప్ కోసం వాడుతున్నాను. వీటికి విండోస్ 11, లినక్స్ చేర్చాలి. మూడు ఓఎస్‌లూ వాడుకునే డేటా పార్టిషన్ ఒకటి ఉండాలి. ఎందులోకి బూట్ అయినా, కళ్ళ ముందున్నది ఏ పార్టిషనో అనుమానం లేకుండా తెలియాలి.

ముందు లెక్క. ఎస్ఎస్‌డీలో ఉన్నవి 97,67,73,168 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు. డబ్బా మీద 500 జీబీ అని ఉంటే విండోస్ 465.76 జీబీ అని చూపిస్తుంది. ఎక్కడా ఏదీ పోలేదు. తయారీదారు 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు అంటాడు, విండోస్ 1024ని మూడుసార్లు హెచ్చవేసి లెక్కపెడుతుంది. ఈ డైరీలో అంకెలన్నీ విండోస్ లెక్కే. వీలైనచోట జీబీల బదులు ఎంబీల్లో రాశాను, ఎందుకంటే పార్టిషన్ టూల్స్ అడిగేది ఎంబీలే. దశాంశాలతో కుస్తీ పడితే మధ్యలో చిన్న చిన్న ఖాళీ ముక్కలు మిగిలిపోతాయి.

మొదలుపెట్టినప్పటి లెక్క (ఎస్ఎస్‌డీ, మొత్తం 4,76,940 ఎంబీ):
- మొదట్లో వదిలే ఖాళీ: 1 ఎంబీ (పార్టిషన్ల పట్టిక దీనిలోనే, మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్ నుంచి)
- ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ (బూట్ ఫైళ్ళు ఉండేది), ఫ్యాట్32: 100 ఎంబీ
- మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్: 16 ఎంబీ
- విండోస్ 10: 4,76,292 ఎంబీ
- రికవరీ: 530 ఎంబీ
- చివర్లో: 1 ఎంబీ (పట్టిక రెండో కాపీ ఇందులో)

ఈ ఆరింటిలో డ్రైవ్ లెటర్ (సి, డి లాంటి అక్షరం) ఉన్నది ఒక్క దానికే. ఈ పీసీకి సి డ్రైవ్ ఒక్కటే ఉందని అనుకునేవాళ్ళు ఎక్స్‌ప్లోరర్‌ని కాకుండా డిస్క్ మేనేజ్‌మెంట్‌ని తెరిచి చూడాలి. లెటర్ లేని పార్టిషన్లే మెషిన్‌ని బూట్ చేస్తాయి.

ఏదైనా ముట్టుకునే ముందు చేసినవి:
1. మేనేజ్-బీడీఈ కమాండ్‌తో బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) స్టేటస్ చూశాను. ఆన్‌లో ఉంటే ముందు సస్పెండ్ చేయాలి, 48 అంకెల రికవరీ కీ వేరే చోట రాసుకోవాలి. బూట్ వరస మారితే మెషిన్ ఆ కీ అడగొచ్చు.
2. లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) నుంచి ఎస్‌జీడిస్క్ కమాండ్‌తో ఎస్ఎస్‌డీ పట్టికని, ఎస్ఎఫ్‌డిస్క్ కమాండ్‌తో హార్డ్‌డిస్క్ పట్టికని ఫైళ్ళుగా దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను.
3. ప్రతి పార్టిషన్‌కీ లేబుల్ ఇచ్చాను: విన్10, బ్యాకప్. కొత్తవి వస్తే వాటికీ వెంటనే.

మూడోది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ మొత్తం ప్రాజెక్టులో ఎక్కువసార్లు కాపాడింది అదే. లేబుల్ ఫైల్ సిస్టమ్‌లోనే ఉంటుంది, ఏ ఓఎస్ చూసినా అదే కనిపిస్తుంది. డ్రైవ్ లెటర్ అలా కాదు. దాని సంగతి దశ 3లో.

దశ 2: సి డ్రైవ్‌ని కుదించడం, ఎదురుతిరిగిన ఫైళ్ళు

విండోస్ 10కి 180 జీబీ, అంటే 1,84,320 ఎంబీ చాలు. కాబట్టి 2,91,972 ఎంబీ బయటికి తీయాలి. అందులో 325 జీబీ దాకా ఖాళీ ఉన్నా, డిస్క్ మేనేజ్‌మెంట్ కుదించడానికి ఒప్పుకున్నది 41,870 ఎంబీకి మాత్రమే.

కారణం ఈవెంట్ వ్యూయర్‌లో దొరుకుతుంది. అప్లికేషన్ లాగ్‌లో 259 నంబర్ ఎంట్రీ చూడండి. కుదించేటప్పుడు అడ్డుపడిన చివరి ఫైల్ పేరు అందులో రాసి ఉంటుంది. ముందు పేజ్ ఫైల్ (మెమరీకి తోడుగా విండోస్ డిస్క్ మీద వాడే ఫైల్) పేరు వచ్చింది. దాన్ని ఆపాక సిస్టమ్ రీస్టోర్ తాలూకు షాడో కాపీ పేరు వచ్చింది. ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి కాబట్టి అన్నీ ఒకేసారి ఆపేయడమే మేలు:

1. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్ సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ (మెమరీలో ఉన్నది డిస్క్‌కి రాసి ఆగే పద్ధతి) ఆఫ్. దీంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. దాన్ని మళ్ళీ ఆన్ చేయొద్దు, కారణం దశ 5లో ఉంది.
2. పేజ్ ఫైల్ తాత్కాలికంగా లేకుండా చేయడం.
3. సిస్టమ్ రీస్టోర్ ఆఫ్, పాత రీస్టోర్ పాయింట్ల తొలగింపు.
4. రీస్టార్ట్, ఆ తర్వాత కుదింపు.
5. పేజ్ ఫైల్, రీస్టోర్ మళ్ళీ ఆన్.

ఈసారి 3 లక్షల ఎంబీలకి పైగా కుదించనిచ్చింది. 2,91,972 అడిగాను, ఇచ్చింది.

ఇప్పటి లెక్క: విండోస్ 10 1,84,320, ఖాళీ 2,91,972, మిగతావి 648. మొత్తం 4,76,940. సరిపోయింది.

ఆ ఖాళీని ఇలా పంచాను: విండోస్ 11కి 1,22,880 (120 జీబీ), లినక్స్ రూట్‌కి (లినక్స్ సిస్టమ్ ఉండే పార్టిషన్) 61,440 (60 జీబీ), మెమరీకి తోడుగా వాడే స్వాప్‌కి 8,192 (8 జీబీ), మిగిలిన 99,460 ఎంబీ ఉమ్మడి డేటాకి, ఎన్‌టీఎఫ్ఎస్‌గా (విండోస్ ఫైల్ సిస్టమ్). ఈఎఫ్ఐ పార్టిషన్ 100 ఎంబీనే ఉంది, దాన్ని పెంచలేదు. లినక్స్ బూట్ లోడర్ గ్రబ్ అక్కడ పెట్టుకునేది కొద్ది ఎంబీలే, కెర్నల్ (ఓఎస్‌లో అసలు భాగం) ఫైళ్ళు లినక్స్ రూట్‌లోనే ఉంటాయి. కెర్నల్‌ని నేరుగా ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టే బూట్ లోడర్ వాడేవాళ్ళకి మాత్రం ఈ 100 ఎంబీ చాలదు.

పక్కన పెట్టేసిన పద్ధతి ఒకటి: లినక్స్ పార్టిషన్‌ని కూడా విండోస్‌లోనే తయారు చేసి, లైవ్ యూఎస్‌బీ నుంచి దాన్ని ఈఎక్స్‌టీ4గా (లినక్స్ ఫైల్ సిస్టమ్) ఫార్మాట్ చేయడం. తర్వాత విండోస్‌లోకి వెళ్తే దానికి జీ అనే లెటర్ వచ్చి ఉంది. క్లిక్ చేస్తే "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అనే పెట్టె తెరుచుకుంది. అక్కడ ఒక్క క్లిక్‌తో లినక్స్ మొత్తం పోతుంది. ఫార్మాట్ మారినా పట్టికలో ఆ పార్టిషన్ రకం మాత్రం మైక్రోసాఫ్ట్ బేసిక్ డేటాగానే ఉండిపోవడం దీనికి కారణం. విండోస్ లెటర్ ఇవ్వాలా వద్దా అని చూసేది ఆ రకాన్నే. ఎస్‌జీడిస్క్‌తో రకాన్ని 8300కి, అంటే లినక్స్ ఫైల్ సిస్టమ్‌కి మార్చగానే లెటరూ పోయింది, పెట్టే పోయింది. ఇంత దూరం వెళ్ళనక్కర్లేదు: లినక్స్‌కి కావాల్సిన 69,632 ఎంబీని విండోస్‌లో ముట్టుకోకుండా ఖాళీగా వదిలేసి, లినక్స్ ఇన్‌స్టాలర్‌నే చేసుకోనివ్వండి. చివరికి నేను స్థిరపడింది దాంతోనే.

దశ 3: విండోస్ 11, మారిపోయిన లెటర్లు

ఇన్‌స్టాల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. యూఎస్‌బీ నుంచి బూట్ చేసి, విన్11 అని లేబుల్ పెట్టిన పార్టిషన్‌ని చూపించాను. ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే అది వాడుకుంది. పాత విండోస్ ముందు, కొత్త విండోస్ తర్వాత అనే వరస పాటిస్తే బూట్ మెనూలో రెండూ వస్తాయి.

అసలు పాఠం దాని తర్వాత. ఒకే మెషిన్, అవే డిస్కులు, రెండు విండోస్‌లలో కనిపించిన లెటర్లు ఇవి:

విండోస్ 10 నుంచి: సి విన్10, డి బ్యాకప్, ఈ విన్11, ఎఫ్ డేటా.
విండోస్ 11 నుంచి: సి విన్11, డి విన్10, ఈ డేటా, ఎఫ్ బ్యాకప్.

యూఎస్‌బీ నుంచి బూట్ చేసి వేసిన విండోస్ ఏదైనా తాను ఉన్న చోటినే సి అంటుంది. మిగతావాటికి తనకి తోచిన వరసలో ఇస్తుంది. డ్రైవ్ లెటర్ డిస్క్ మీద ఎక్కడా రాసి ఉండదు. అది ఆ విండోస్ తన రిజిస్ట్రీలో (సెట్టింగ్స్ దాచుకునే చోట) రాసుకున్న పేరు. వీధిలో ఒకే మనిషిని ఒకింటివాళ్ళు బాబాయ్ అని, పక్కింటివాళ్ళు మావయ్య అని పిలిచినట్టు.

దీన్ని కళ్ళతో చూడాలంటే రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషిన్ కింద సిస్టమ్‌లోకి, అక్కడి నుంచి మౌంటెడ్ డివైసెస్‌లోకి వెళ్ళండి. ప్రతి లెటర్ ఎదురుగా కొన్ని బైట్లుంటాయి. దేన్నీ మార్చకుండా చూడండి చాలు.

సి ఎదురుగా 24 బైట్లున్నాయి. మొదటి 8 బైట్లు "డీఎంఐఓ:ఐడీ:" అనే అక్షరాలు. మిగిలిన 16 బైట్లు ఆ జీపీటీ పార్టిషన్ గుర్తింపు సంఖ్య. లినక్స్‌లో బీఎల్‌కేఐడీ కమాండ్ ఇచ్చే పార్ట్‌యూయూఐడీ కూడా ఇదే, కాకపోతే మొదటి మూడు భాగాల్లో బైట్లు వెనక నుంచి ముందుకి ఉంటాయి. తిప్పి చదివితే రెండూ అచ్చంగా సరిపోయాయి.

బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఎదురుగా 12 బైట్లే ఉన్నాయి, ఎందుకంటే అది ఎంబీఆర్. మొదటి 4 బైట్లు డిస్క్ సిగ్నేచర్. తర్వాతి 8 బైట్లలో ఉన్నది 00 00 10 00 00 00 00 00. దీన్ని వెనక నుంచి చదివితే 10,48,576. అంటే పార్టిషన్ డిస్క్ మొదటి నుంచి సరిగ్గా 1 ఎంబీ తర్వాత, 2048వ సెక్టార్‌లో మొదలవుతుంది. ఎంబీఆర్ పార్టిషన్‌ని విండోస్ గుర్తుపట్టేది ఈ మొదలయ్యే చోటుని బట్టే. జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్‌తో అలాంటి పార్టిషన్‌ని కొంచెం పక్కకి జరిపినా అది విండోస్‌కి కొత్త పార్టిషన్ అయిపోతుంది, పాత లెటర్ పోతుంది. జీపీటీలో ఎంత జరిపినా గుర్తింపు సంఖ్య మారదు, లెటరూ మారదు. "పార్టిషన్ జరిపాక నా డి డ్రైవ్ ఏమైంది" అనే ప్రశ్నకి చాలావరకు జవాబు ఈ 12 బైట్లే.

దీనికి సంబంధించిన ఇంకో ముక్క. విండోస్ 10లో బూట్ ఎంట్రీలు చూపించే బీసీడీఎడిట్ కమాండ్ కొడితే విండోస్ 11 ఎంట్రీ పార్టిషన్ ఈ అని కనిపిస్తుంది. విండోస్ 11లోకి వెళ్ళి అదే కమాండ్ కొడితే అదే ఎంట్రీ పార్టిషన్ సి అంటుంది. బూట్ ఫైల్‌లో ఏమీ మారలేదు. లోపల ఉన్నది డిస్క్, పార్టిషన్ గుర్తింపులే. చూపించేటప్పుడు నడుస్తున్న విండోస్ వాటిని తన లెటర్లలోకి మార్చి చూపిస్తోంది. ఇది తెలియక "తప్పుగా ఉంది" అనుకుని దిద్దితే బాగున్న బూట్ చెడిపోతుంది.

దశ 4: బ్యాకప్ స్క్రిప్ట్ పరీక్ష

విండోస్ 10లో చిన్న స్క్రిప్ట్ ఒకటి వాడుతున్నాను: రోబోకాపీ (విండోస్ కాపీ కమాండ్) మిర్రర్ మోడ్‌లో ఎఫ్ నుంచి డికి, అంటే డేటా నుంచి బ్యాకప్‌కి. మిర్రర్ మోడ్ కాపీ చేయడంతో ఆగదు. మూలంలో లేనివి గమ్యంలో ఉంటే వాటిని తీసేస్తుంది.

అదే స్క్రిప్ట్‌ని విండోస్ 11లో కేవలం జాబితా చూపించే స్విచ్‌తో నడిపాను. ఆ స్విచ్ ఉంటే ఏదీ కాపీ కాదు, ఏదీ పోదు, ఏం జరగబోతుందో మాత్రం వస్తుంది. తెర మీద మొదట వచ్చినవి "ఎక్స్‌ట్రా డిర్" అనే వరసలు: యూజర్స్, ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్. ఎక్స్‌ట్రా అంటే తీసేయాల్సినవి అని అర్థం. ఇక్కడ డి అంటే బ్యాకప్ కాదు, విండోస్ 10 ఉన్న పార్టిషన్. సిస్టమ్ ఫైళ్ళలో కొన్నింటిని పర్మిషన్లు కాపాడేవేమో కానీ, సొంత ఫోల్డర్లు దక్కేవి కాదు.

అందుకే రెండు మార్పులు చేశాను.

మొదటిది, రెండు విండోస్‌లలోనూ ఒకే లెటర్లు: డేటాకి పి, బ్యాకప్‌కి క్యూ. మధ్యలోవే ఎందుకంటే, పెన్‌డ్రైవ్‌లు పెట్టినప్పుడు విండోస్ ముందు నుంచి ఖాళీ లెటర్లు ఇస్తూ వస్తుంది, నెట్‌వర్క్ డ్రైవ్‌లకి జెడ్ నుంచి వెనక్కి సూచిస్తుంది. ఏ, బీ ఫ్లాపీల కాలం నుంచి వాటికే కేటాయింపు. మధ్యలో ఉన్నవాటి జోలికి ఎవరూ రారు.

డిస్క్‌పార్ట్‌లో (విండోస్ పార్టిషన్ టూల్) వరస:
1. లిస్ట్ వాల్యూమ్. లేబుల్, సైజు రెండూ చూసి నంబర్ పట్టుకోవాలి, లెటర్ చూసి కాదు.
2. సెలెక్ట్ వాల్యూమ్, ఆ నంబర్.
3. అసైన్ లెటర్=పి. బ్యాకప్‌కి ఇదే క్యూతో.
4. అవతలి విండోస్ పార్టిషన్‌ని ఎంచుకుని రిమూవ్ లెటర్. డేటా అక్కడే ఉంటుంది, ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం కనిపించదు.
5. రెండో విండోస్‌లోకి వెళ్ళి మొత్తం మళ్ళీ. ఒకదానిలో చేసింది రెండోదానికి తెలియదు.

రెండో మార్పు స్క్రిప్ట్‌లో. బ్యాకప్ డిస్క్ రూట్‌లోను, డేటా రూట్‌లోను వేర్వేరు పేర్లతో ఖాళీ గుర్తు ఫైళ్ళు పెట్టాను. పిలో డేటా గుర్తు, క్యూలో బ్యాకప్ గుర్తు ఉంటేనే స్క్రిప్ట్ ముందుకెళ్తుంది, లేకపోతే ఆగిపోతుంది. మిర్రర్ మోడ్ బ్యాకప్ గుర్తుని ఎక్స్‌ట్రాగా లెక్కేసి తీసేయకుండా ఆ ఫైల్ పేరుని మినహాయింపుల్లో పెట్టాను. లెటర్ మీద ఆధారపడి ఫైళ్ళు తీసేసే ఏ స్క్రిప్ట్‌కైనా ఇలాంటి తనిఖీ ఉండి తీరాలి. ఇందులో బద్ధకం పనికిరాదు.

దశ 5: లినక్స్ వైపు

లినక్స్‌లో లెటర్లుండవు, పేర్లుంటాయి. ఎస్ఎస్‌డీ పార్టిషన్లు పీ1, పీ2 అంటూ వెళ్తాయి. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో చూస్తే పీ4 రికవరీ, పీ5 విన్11, పీ6 డేటా, పీ7 రూట్, పీ8 స్వాప్. కానీ డిస్క్ మీద రికవరీ అన్నిటికన్నా చివర్న ఉంది. నంబర్ అంటే తయారైన వరస, ఉన్న చోటు కాదు. గ్రబ్‌లో డిస్కుల లెక్క 0 నుంచి, పార్టిషన్ల లెక్క 1 నుంచి. ఎంబీఆర్ డిస్కులో లాజికల్ పార్టిషన్లు ఎన్ని ఉన్నా 5 నుంచే మొదలవుతాయి, మొదటి నాలుగు నంబర్లు ప్రైమరీలవి. ఇన్ని లెక్కలు గుర్తుపెట్టుకునే బదులు సైజు, లేబుల్ చూడటం మేలు.

ఇక్కడి ఫెయిల్యూర్ బ్యాకప్ డిస్క్‌తో వచ్చింది. బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు తెరవాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో దాన్ని ఎస్‌డీఏ1 (ఎస్‌డీఏ డిస్క్‌లో మొదటి పార్టిషన్) అని రాస్తే బాగానే నడిచింది. ఒక యూఎస్‌బీ డిస్క్ పెట్టి బూట్ చేస్తే అదే ఎస్‌డీఏ అయ్యింది, హార్డ్‌డిస్క్ ఎస్‌డీబీ అయ్యింది. యూఎస్‌బీ డిస్క్‌లో పార్టిషన్లు లేవు కాబట్టి ఎస్‌డీఏ1 అనేదే లేదు. ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి లినక్స్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగింది. ఆ పేర్లు కెర్నల్‌కి డిస్కులు కనబడ్డ వరసలో వస్తాయి, వాటికి నిలకడ లేదు.

దిద్దినది:
1. బీఎల్‌కేఐడీతో యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) తీసుకోవడం. ఎన్‌టీఎఫ్ఎస్‌కి 16 అక్షరాలు, ఫ్యాట్‌కి మధ్యలో గీతతో 8, ఈఎక్స్‌టీ4కి గీతలతో కలిపి 36. పొడవు చూస్తేనే ఏ ఫైల్ సిస్టమో తెలుస్తుంది.
2. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీఏ1 బదులు ఆ యూయూఐడీ.
3. బూట్‌కి అవసరం లేని డిస్కులకి నోఫెయిల్ ఆప్షన్. డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు.

డేటా పార్టిషన్ రీడ్-ఓన్లీగా తెరుచుకోవడం ఇంకో సమస్య. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ దశ 2లోనే పోయింది, కానీ కొత్తగా వేసిన విండోస్ 11లో అది ఆన్‌లో ఉంది. అలా ఉన్నప్పుడు షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళ్తుంది. తెరిచి ఉన్న పార్టిషన్లు దాని దృష్టిలో ఇంకా తెరిచే ఉంటాయి. లినక్స్ అది గమనించి రాయడానికి ఒప్పుకోదు, అలా ఒప్పుకోకపోవడమే మంచిది. విండోస్ 11లోనూ హైబర్నేషన్ ఆఫ్ చేశాక మామూలుగా తెరుచుకుంది. రీస్టార్ట్ కొడితే ఈ సగం నిద్ర ఉండదు కాబట్టి సమస్య ఒకసారి కనిపించి ఒకసారి కనిపించదు. అందుకే కారణం పట్టుకోవడం కష్టం.

గ్రబ్ మెనూలో విండోస్ కనిపించకపోతే కంగారు వద్దు. గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని ఆన్ చేసి, మెనూని మళ్ళీ తయారు చేయిస్తే విండోస్ బూట్ మేనేజర్ వచ్చింది.

ఇప్పటి లెక్క (ఎస్ఎస్‌డీ): మొదట, చివర ఖాళీలు 2, ఈఎఫ్ఐ 100, రిజర్వ్‌డ్ 16, విన్10 1,84,320, విన్11 1,22,880, డేటా 99,460, రూట్ 61,440, స్వాప్ 8,192, రికవరీ 530. మొత్తం 4,76,940.

దశ 6: రికవరీ తెరలో లెటర్లు

బూట్ పాడైతే చేతిలో ఉండాల్సిన పని కాబట్టి, పాడవకముందే చేసి చూశాను. విండోస్ రికవరీ కమాండ్ ప్రాంప్ట్ ఎక్స్ డ్రైవ్‌లో తెరుచుకుంటుంది. అది మెమరీలో ఉన్న తాత్కాలిక డిస్క్. అక్కడ సి అంటే ఏదైనా కావచ్చు, నా మెషిన్‌లో అది హార్డ్‌డిస్క్. పి, క్యూ అక్కడ ఉండవు, ఎందుకంటే రికవరీకి దాని సొంత రిజిస్ట్రీ ఉంది. ఏ కమాండ్ ఇచ్చే ముందైనా డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ చూసి, ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఎస్ అని లెటర్ ఇచ్చి, విండోస్ ఫోల్డర్ నిజంగా ఎక్కడుందో డిర్ కొట్టి చూసుకుని, ఆ తర్వాతే బూట్ ఫైళ్ళని మళ్ళీ రాసే బీసీడీబూట్ వాడాలి.

దశ 7: హార్డ్‌డిస్క్‌ని జీపీటీకి మార్చడం

చివరి పని. 12 బైట్ల గుర్తింపు వదిలించుకోవడానికి లైవ్ యూఎస్‌బీ నుంచి జీడిస్క్ టూల్‌తో మార్చాను. డిస్క్ చివర్న పట్టిక రెండో కాపీకి 33 సెక్టార్లు కావాలి. విండోస్ చేసిన పార్టిషన్ చివర దాదాపు 1 ఎంబీ వదిలి ఉంది, సరిపోయింది. ముందే ఇంకో డిస్క్‌లోకి బ్యాకప్ తీశాను. ఇది లేకుండా ఈ దశ జోలికి వెళ్ళకండి.

ఫలితం: లినక్స్‌లో ఎఫ్ఎస్‌ట్యాబ్ వరస ముట్టుకోనక్కర్లేకుండా పని చేసింది. అందులోని యూయూఐడీ ఎన్‌టీఎఫ్ఎస్ బూట్ సెక్టార్‌లోని సీరియల్ నంబర్, పట్టిక మారినా అది మారదు. రెండు విండోస్‌లలోనూ మాత్రం క్యూ పోయి డి వచ్చింది. బ్యాకప్ స్క్రిప్ట్ నడిపితే క్యూలో గుర్తు ఫైల్ లేదని ఆగిపోయింది, అది ఆగాల్సిందే. రెండింటిలోనూ క్యూ మళ్ళీ ఇచ్చి రిజిస్ట్రీ చూస్తే దాని ఎదురుగా ఇప్పుడు 24 బైట్లున్నాయి. స్క్రిప్ట్‌ని మళ్ళీ జాబితా స్విచ్‌తో నడిపాను. ఎక్స్‌ట్రా వరస ఒక్కటీ రాలేదు, స్విచ్ తీసేసి బ్యాకప్ తీశాను.